బేకరీ సొరుగులో నీలం ఇన్‌హేలర్

మెట్లెక్కి వచ్చినావిడ కుర్చీ చూపించినా కూర్చోలేదు. చేతిసంచిలోంచి నీలం రంగు ఇన్‌హేలర్ తీసి, ముట్టుకుంటే ఎక్కడ కాలుతుందోనన్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని బల్ల మీద పెట్టింది.

"మా ఆయన్ని చంపాలని చూశారండీ," అంది. "ఇందులో మందు తీసేసి ఉత్త గ్యాసు నింపారు."

బల్లకి అవతల కూర్చున్న ప్రైవేటు డిటెక్టివ్‌కి ఒక అసలు పేరుంది. అది బయట బోర్డు మీద కూడా ఉంది గానీ ఎవరూ దాన్ని చదవరు. ఊరందరికీ ఆవిడ నిదానమ్మే. అడిగిన వెంటనే ఏ ప్రశ్నకీ జవాబు చెప్పకపోవడం వల్ల వచ్చిన పేరది. పక్క బల్ల దగ్గరున్న సహాయకుణ్ణి ఆవిడ గుమాస్తా గారూ అని పిలుస్తుంది. ఒకప్పుడు ఇన్సూరెన్సు కంపెనీలో గుమాస్తాగా చేసి, అది మూతపడితే ఇక్కడ చేరాడు. నిదానమ్మ బుర్రలాంటి బుర్ర మరొకటి లేదని అతని గట్టి నమ్మకం. ఒక్కసారైనా, ఒక్క కేసులోనైనా ఆవిడకంటే ముందు తాను దొంగని పట్టుకోవాలని ఒక రహస్యమైన ఆశ కూడా ఉంది.

"ముందు మంచినీళ్లు తాగండి. తర్వాత మొదట్నుంచి చెప్పండి," అంది నిదానమ్మ.

ఆవిడ చెప్పింది ఇదీ. అన్నదమ్ములిద్దరూ కలిసి బేకరీ నడుపుతున్నారు. పెద్దాయన ఆవిడ భర్త. చిన్నతనం నుంచీ ఉబ్బసం. పిండి దుమ్ము పడదని వెనక గదుల్లోకి అడుగుపెట్టడం ఎప్పుడో మానేశాడు, ముందు కౌంటరు దగ్గర కూర్చుంటాడు. పిండి, పొయ్యి, కేకులు అన్నీ తమ్ముడు చూసుకుంటాడు. పెద్దాయన ఇన్‌హేలర్ కౌంటరు సొరుగులో ఉంటుంది. మొన్న మధ్యాహ్నం షాపు నిండా జనం ఉండగా ఆయనకి ఊపిరాడలేదు. ఇన్‌హేలర్ తీసి నొక్కాడు. బుస్సుమంది గానీ గుణం కనిపించలేదు. మళ్లీ నొక్కాడు, మళ్లీ మళ్లీ నొక్కాడు. పెదవులు నల్లబడ్డాయి. వెనక నుంచి తమ్ముడు పరుగెత్తుకొచ్చి, అన్నని భుజాన వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాడన్నారు డాక్టర్లు.

"ఈ నెల మొదట్లో కొన్నదండీ. అప్పుడే ఎలా అయిపోతుంది? ఊపి చూడండి, లోపల గలగలమంటోంది. ఏదో ఉంది. ఉన్నది మందు మాత్రం కాదు."

గుమాస్తా అప్పటికే గ్లాసు నిండా నీళ్లు పోసి తెచ్చాడు. "నీళ్లలో వేద్దాం మేడమ్. తేలితే ఖాళీ, మునిగితే నిండు."

"వద్దు," అంది నిదానమ్మ. "పూర్వం అలాగే చూసేవారు. దాన్నిబట్టి లోపల మందెంతుందో తెలీదు, పైగా నీళ్లు సందులోకి పోయి పాడవుతుంది." ఆవిడ ప్లాస్టిక్ తొడుగులోంచి లోహపు డబ్బాని బయటికి లాగి, వెలుతురుకి పెట్టి అన్ని వైపులా తిప్పి చూసింది. తర్వాత నోట్లో పెట్టుకునే గొట్టం మూత తెరిచింది. మూత అంచు మడతలో తెల్లగా ఏదో గట్టిపడి ఉంది. గోటితో గీకి కాగితం మీద రాల్చింది.

"మీవారు పిండి గదిలోకి అసలు వెళ్లరన్నారు కదూ?"

"ఆ వాసనకే తుమ్ములండీ ఆయనకి."

"ఎవరి మీదైనా అనుమానమా?"

ఆవిడ గొంతు తగ్గించింది. "పిండి గదిలో ఒకావిడ పనిచేస్తుంది. అందరం పిన్నీ అంటాం. పోయిన వారం ఆవిడకీ మావారికీ పెద్ద గొడవైంది. ఆ మర్నాడే ఆవిడ మా సొరుగులో చెయ్యిపెట్టడం నేను కళ్లారా చూశాను."

ఆవిడ వెళ్లాక నిదానమ్మ గొడుగు అందుకుంది. "నేను ఆసుపత్రికి వెళ్తాను. మీరు బేకరీకి వెళ్లండి. చూడండి, అడగండి. అక్కడే ఏదీ తేల్చెయ్యకండి."

గుమాస్తా తలూపాడు. చివరి మాట చెవిన పడింది గానీ లోపలికి దిగలేదు.

*

బేకరీ ముందు గదిలో అద్దాల అరల్లో బన్నులు, రొట్టెలు, కేకులు వరసగా ఉన్నాయి. పై అరలో ఆర్డరు కేకు ఒకటి ఉంది. దాని మీద క్రీముతో రాసిన అక్షరాలు సరిగ్గా కుదరలేదు. ఒక గీత లావు, ఒక గీత సన్నం, సున్నాలన్నీ సొట్టలు. ఇంత పేరున్న బేకరీలో ఈ రాతేమిటా అనుకుంటూ గుమాస్తా లోపలికి నడిచాడు.

చిన్నాయన ఎదురొచ్చాడు. తలుపంత మనిషి. మోచేతుల దాకా పిండి. గలగలా మాట్లాడే రకం గానీ, వాక్యానికీ వాక్యానికీ మధ్య కాస్త ఆగి మాట్లాడుతున్నాడు.

"రండి సార్, వదిన చెప్పింది. టీ తాగండి."

టీ గ్లాసు అందిస్తుంటే సాసరు టకటకలాడింది. తాను మాత్రం తాగలేదు.

"మీరు తీసుకోరా?"

"మానేశాను సార్. గుండె దడదడమంటోంది ఈ మధ్య."

"అన్నగారి గురించి కంగారా?"

"ఉండదా మరి." నవ్వబోయాడు. "చిన్నప్పట్నుంచీ అన్నయ్యని పంపు రాజా అని ఏడిపించేవాణ్ణి. ఆ ఇన్‌హేలర్ పంపు లేకపోతే అడుగు తీసి అడుగు వెయ్యడని..." నవ్వు దగ్గులోకి తిరిగింది. చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక తలుపు దగ్గరికి వెళ్లి, సందులోకి ముఖం పెట్టి కాసేపు నిలబడ్డాడు. "పిండి గొంతులో పడింది," అన్నాడు తిరిగొచ్చి.

పాపం, అన్న మీద ఎంత బెంగో అనుకున్నాడు గుమాస్తా.

పిండి గదికి ఉన్నది ఒక్కటే చిన్న కిటికీ. గాలిలో పిండి పొగమంచులా వేలాడుతోంది. ముక్కుకి గుడ్డ కట్టుకుని, బక్కపలచని ముసలావిడ జల్లెడ పడుతోంది.

"సొరుగులో చెయ్యి పెట్టావట?"

"పెట్టాను బాబూ. ఆ పంపు బయట కనిపించింది. తీసుకెళ్లి దాని చోట్లో పెట్టాను."

"బయటంటే ఎక్కడ?"

పిన్ని జల్లెడ ఆపింది. ఒకసారి గుమ్మం వైపు చూసింది. మళ్లీ జల్లెడ కదిలించింది. "ఎక్కడైతేనేం, దొరికింది, పెట్టాను."

"యజమానితో గొడవ దేనికి?"

"ఈ గదిలో దుమ్ము బయటికి లాగే ఫ్యాను పెట్టించమన్నాను. ఆయన అరిచాడు. నేనూ అరిచాను. ఊరికే పడి ఉంటానా?"

గుమాస్తా లెక్క కట్టేశాడు. కోపముంది, అవకాశముంది, దాస్తున్న మాటా ఉంది. మేడమ్ ఆసుపత్రి నుంచి వచ్చేసరికి కేసు తేల్చి చేతిలో పెట్టచ్చు. గోడకి తగిలించి ఉన్న పిన్ని సంచి అతని కంటబడింది. అసలు మందున్న డబ్బా అందులోనే ఉండాలి. ఉండకపోతే ఎక్కడికి పోతుంది?

"ఆ సంచి ఇలా ఇవ్వు."

"అందులో ఏం లేదు బాబూ." ఆవిడ అడ్డు రాబోయింది. "కాస్త ఆగు, నేను..."

అతను ఆగలేదు. సంచి తీసుకుని ముందు గదిలోకి నడిచి, కౌంటరు మీద బోర్లించాడు. అప్పటికి షాపుకి వచ్చేసిన పెద్దాయన భార్య, చిన్నాయన, రొట్టెల కోసం వచ్చిన ఇద్దరు ముగ్గురు చుట్టూ ఉన్నారు. కళ్లజోడు పడింది. దువ్వెన పడింది. ఒక ప్లాస్టిక్ కవరు జారి ముడి విడిపోయింది. అందులోంచి మడిచిన లోపలి బట్టలు, మెత్తని గుడ్డ ముక్కలు కౌంటరు మీద పరుచుకున్నాయి. బస్తాలు ఎత్తీ ఎత్తీ మూత్రం ఆపుకునే పట్టు తప్పిన మనిషి, పనిలో బట్టలు తడిస్తే మార్చుకోవడానికి తెచ్చుకున్నవి అవి. అక్కడున్న ఆడవాళ్లకి ఆ సంగతి వెంటనే అర్థమైంది. ఒక్క క్షణం ఆలస్యంగా గుమాస్తాకీ అర్థమైంది.

పిన్ని ఒక్కొక్కటీ మడిచి, మళ్లీ కవరులో పెట్టుకుంది. వేళ్లు తొందరపడలేదు. ముఖం మాత్రం గోడ వైపు తిప్పుకునే ఉంది.

"నువ్వు రేపట్నుంచి రావద్దు," అంది పెద్దాయన భార్య. ఏదో ఒకటి అనకపోతే బాగుండదన్నట్టు అంది.

చిన్నాయన నోరు తెరిచాడు. మూశాడు. పిన్ని అతని వైపు ఒకసారి చూసి, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

*

సాయంత్రం ఆఫీసులో నిదానమ్మ అంతా విన్నది. సంచిలో ఏం దొరికిందని అడిగింది.

"ఏం లేదు మేడమ్."

"ఏం లేదా, చెప్పలేనిదా?"

గుమాస్తా బల్ల మీది కాగితాలు సర్దాడు. ఆవిడ మళ్లీ అడగలేదు. తిట్టి ఉంటే బాగుండునని అతనికి అనిపించింది. ఆవిడ అక్కడ ఇంకేం కనిపించాయో చెప్పమంది. సొట్టల సున్నాలు, టకటకలాడిన సాసరు, టీ మానేసిన సంగతి, వెనక తలుపు దగ్గర దగ్గు, అన్నీ తెచ్చి పోశాడు.

"ఇవన్నీ చూసి కూడా పిన్ని సంచి దగ్గరికెళ్లారా?" అంది నిదానమ్మ మెల్లగా. అది ప్రశ్న కాదు.

*

బేకరీ సెలవు రోజున పొద్దున అందరూ ముందు గదిలో చేరారు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన పెద్దాయన దిండు ఆనించుకుని కూర్చున్నాడు. పక్కనే భార్య. చిన్నాయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పిన్నిని నిదానమ్మే స్వయంగా ఇంటికెళ్లి తీసుకొచ్చి, అందరికంటే ముందున్న కుర్చీలో కూర్చోబెట్టింది. గుమాస్తాకి ఎక్కడ నిలబడాలో తెలియలేదు. ఎక్కడ నిలబడ్డా ఆ కౌంటరు కనిపిస్తూనే ఉంది.

నిదానమ్మ నీలం ఇన్‌హేలర్‌ని బల్ల మీద పెట్టింది.

"ముందుగా ఒక మాట. దీంట్లో ఎవరూ గ్యాసు నింపలేదు. ఇది సీలు వేసిన డబ్బా. సన్నని గీత కూడా పడకుండా దీన్ని తెరిచి మూయడం ఎవరి తరమూ కాదు. మందు పోయింది వాడకం వల్లే. ఎన్నిసార్లు నొక్కితే అయిపోతుందో డబ్బా మీదే అచ్చువేసి ఉంది, రెండు వందలని. అది దాటాక కూడా మిగిలిన గ్యాసు బుస్సుమంటూనే ఉంటుంది. ఊపితే గలగలమంటుంది. మందు మాత్రం సరిగ్గా రాదు. పెద్దాయన నొక్కింది అలాంటి ఖాళీ డబ్బాని."

"నేనంత వాడలేదమ్మా," అన్నాడు పెద్దాయన.

"రోజుకి ఎన్నిసార్లు?"

"ఒకటి రెండు..." భార్య వైపు చూసి తల దించుకున్నాడు. "ఈ మధ్య ఇంకాస్త ఎక్కువే."

"అయినా ఇంత త్వరగా కాదు. అంటే ఇంకొకరు కూడా వాడుతున్నారు. ఈ మూత మడతలో ఎండిన పిండి ఉంది. మీరు పిండి ముట్టుకోరు. ఇది సొరుగు దాటి వెనక గదికి వెళ్లి వస్తోందన్న మాట. అక్కడ పనిచేసేది ఇద్దరే."

పెద్దాయన భార్య పిన్ని వైపు చూసింది.

"అటు కాదమ్మా," అంది నిదానమ్మ. "నేనేం డాక్టర్ని కాదు. మీ ఆయన్ని చూసిన డాక్టరమ్మని అడిగి తెలుసుకున్నాను. ఈ నీలం మందు మోతాదు మించితే చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. పిన్ని చేతులు నిన్న వాళ్లింట్లో చూశాను. సూదిలో దారం ఎక్కిస్తోంది. మరి కేకుల మీద ఎవరి చేతిరాత చెడిపోయింది? ఎవరు టీ మానేశారు? చిన్నాయన గారూ, పిండి ముట్టుకోని సెలవు రోజున మీకు దగ్గుండదు కదూ?"

చిన్నాయన గోడని వదిలి ముందుకొచ్చాడు. అంత మనిషీ ఎక్కడ దాక్కోవాలో తెలియనట్టు భుజాలు దగ్గరికి లాక్కున్నాడు.

"నేనే," అన్నాడు.

"నువ్వేంట్రా?" అన్నాడు పెద్దాయన.

"నాకూ వచ్చిందిరా అన్నయ్యా. చలికాలం నుంచీ. బస్తా విప్పితే చాలు, ఛాతీ బిగుసుకుపోతోంది. ఒకసారి నీ పంపు తీసి పీల్చాను. హాయిగా అనిపించింది. ఒక్కసారే అనుకున్నాను... తర్వాత రోజూ."

"డాక్టరు దగ్గరికి వెళ్లచ్చుగా?"

"ఎలా వెళ్లను? నాన్న ఎప్పుడూ ఏమనేవాడు? పెద్దోడికి ఊపిరి లేదు, చిన్నోడు ఎద్దు అనేవాడు. నేనూ నిన్ను పంపు రాజా, పంపు రాజా అని ఊరంతా నవ్వించాను. ఇప్పుడు నేనే పంపు పట్టుకుంటే..." కౌంటరు సొరుగు వైపు చూశాడు. "నువ్వెలాగూ పిండి గదిలోకి రాలేవు. నేనూ రాలేనని తెలిస్తే ఈ షాపేం కావాలి? ఆ రోజు నువ్వు నొక్కుతుంటే నాకు వెంటనే అర్థమైంది. దాన్ని ఖాళీ చేసింది నేనేనని. నిన్ను మోసుకెళ్తున్నంతసేపూ అదే."

"నన్ను మోసుకెళ్లావు, సరే. పిన్నిని వెళ్లగొడుతుంటే చూస్తూ నిలబడ్డావేం?" అన్నాడు పెద్దాయన.

చిన్నాయన రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నాడు. చేతులు ఇంకా వణుకుతున్నాయి.

"నీకు తెలుసా పిన్నీ?" అంది పెద్దాయన భార్య.

"తెలుసు," అంది పిన్ని. "బస్తాల వెనక దొరికింది ఆ పంపు. అంతకు ముందురోజు అతను అక్కడే నక్కి పీలుస్తూ నాకు కనబడ్డాడు. ఎవరికీ చెప్పద్దని ఏడ్చాడు. అందుకే ఫ్యాను అడిగాను. ఇంకేం చెయ్యగలను?"

"నీ మీద నింద వేసినప్పుడైనా చెప్పచ్చుగా!"

"అతను చెప్పుకోవాల్సిన మాట నేనెలా చెప్తానమ్మా?"

నిదానమ్మ పెద్దాయన వైపు తిరిగింది.

"మీ తమ్ముడి తప్పు తేలింది. మీ సంగతి మిగిలింది. డాక్టరమ్మ మీకు రెండు ఇన్‌హేలర్లు రాసిచ్చారు. రెండోది ఏదీ?"

పెద్దాయన దిండు సర్దుకున్నాడు. భార్య సంచిలోంచి గోధుమ రంగు ఇన్‌హేలర్ పెట్టె తీసింది. దాని సీలు కూడా విప్పలేదు. "నిదానమ్మ గారు వెతకమంటే వెతికాను. స్వెట్టర్ల కింద దొరికింది," అంది. "రోజూ వాడుతున్నానని నాతో ఒట్టేసి చెప్పారండీ ఈయన."

"రోజూ పీలిస్తే దానికి అలవాటు పడిపోతానని..." గొణిగాడు పెద్దాయన. "ఆయాసం లేనప్పుడు మందెందుకు అనుకున్నాను."

"నేనూ అదే అడిగితే డాక్టరమ్మ విసుక్కున్నారు. నీలంది బిగుసుకున్న ఊపిరి గొట్టాన్ని అప్పటికప్పుడు తెరుస్తుంది. లోపలి వాపు అలాగే ఉంటుంది. ఆ వాపు తగ్గించేది గోధుమ రంగుది. ఆయాసం ఉన్నా లేకపోయినా చెప్పినట్టు రోజూ వాడాలి, వాడాక నోరు పుక్కిలించాలి. నీలంది మాటిమాటికీ కావాల్సి వస్తోందంటే జబ్బు అదుపు తప్పుతోందని అర్థం. అప్పుడు వెళ్లాల్సింది సొరుగు దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి. నొక్కినా గుణం కనిపించకపోతే క్షణం ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి." ఆవిడ ఆసుపత్రి నుంచి అడిగి తెచ్చిన మందు లేని నమూనా ఇన్‌హేలర్‌ని పెద్దాయనకి అందించింది. "మీరెలా పీలుస్తారో చూపించండి."

పెద్దాయన నోరు తెరిచి, గొట్టాన్ని పళ్లకి బెత్తెడు దూరంలో పెట్టి, నొక్కి, ఆ తర్వాత గబుక్కున గాలి పీల్చాడు. తెల్లటి తుంపర సగం గాలిలో తేలిపోయింది.

"ఇన్నాళ్లూ సగం మందు మీ షాపు గోడలు పీల్చుకున్నాయి," అంది నిదానమ్మ. అంత బరువులోనూ చిన్నాయన ముక్కులోంచి చిన్న నవ్వు వచ్చింది, వెంటనే ఆగిపోయింది. "ముందు బాగా ఊపాలి. ఊపిరి పూర్తిగా వదలాలి. గొట్టాన్ని పెదవుల మధ్య బిగించాలి. మెల్లగా పీల్చడం మొదలుపెట్టి, అప్పుడు నొక్కాలి. పీలుస్తూనే ఉండాలి. తర్వాత వీలైనంతసేపు, పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. చేతికీ ఊపిరికీ పొత్తు కుదరకపోతే మధ్యలో పెట్టుకునే స్పేసర్ గొట్టం ఉందట, అడగండి."

పెద్దాయన రెండోసారి ప్రయత్నించాడు. ఈసారి తుంపర బయటికి రాలేదు. నమూనాని తమ్ముడి వైపు చాచాడు. "నువ్వూ పట్టు. రేపు పొద్దున్నే ఇద్దరం డాక్టరు దగ్గరికి పోదాం. నీది నీకే రాయిస్తారు, నాది ముట్టుకోకు." కాస్త ఆగి అన్నాడు. "నేనూ దాచాను, నువ్వూ దాచావు. ఎవరి దగ్గర్రా?"

చిన్నాయన దాన్ని తీసుకోకుండా పిన్ని కుర్చీ ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. పెద్దాయన భార్య కూడా లేచి నిలబడింది. "రేపట్నుంచి మళ్లీ రా పిన్నీ," అంది.

"ముందు ఆ గదికి గాలి తగలనివ్వండి," అంది పిన్ని. "వస్తానో రానో తర్వాత చూద్దాం."

"ఇంకొక తప్పు మిగిలింది," అంది నిదానమ్మ. "అది మా ఆఫీసుది. ఆ రోజు ఇక్కడికి మనిషిని పంపింది నేను. అది నా లెక్కలోనే రాసుకుంటాను."

గుమాస్తాకి తల కొట్టేసినట్టయింది. ఆవిడ ఆ తప్పుని తన మీద వేసుకోకుండా, నలుగురిలో అతని పేరు పెట్టి చెప్పి ఉంటే ఇంతకన్నా తేలిగ్గా ఉండేది.

పిన్ని బయల్దేరితే, తలుపు తీసే నెపంతో వెంట వెళ్లాడు. వీధి మలుపు దాకా పక్కనే నడిచాడు. ఎన్నెన్నో మాటలు కూర్చుకున్నాడు. తీరా చూస్తే ఒక్కటే బయటికొచ్చింది.

"తప్పైపోయిందమ్మా."

పిన్ని ఆగింది. కోపంగా ఏం చూడలేదు. ఎండకి కళ్లు చికిలించి, ఇతనెవరో గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు చూసింది.

"కాస్త ఆగమన్నాను గదా బాబూ," అంది. "లోపలికి రమ్మని, నీ ఒక్కడికీ నేనే తీసి చూపించేదాన్ని."

ఆవిడ మలుపు తిరిగి వెళ్లిపోయింది. గుమాస్తా చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. తిరిగొచ్చేసరికి నిదానమ్మ బేకరీ మెట్ల మీద గొడుగు పట్టుకుని ఎదురుచూస్తోంది.

"ఏమంది?"

అతను చెప్పబోయాడు. చెప్పలేకపోయాడు. ఇద్దరూ ఆఫీసు వైపు నడిచారు. ఎప్పుడూ ముందు నడవాలని చూసే గుమాస్తా, ఆ రోజు మొదటిసారి ఆవిడకంటే ఒక అడుగు వెనకే నడిచాడు.